ఎనభై నాలుగు ప్రశ్నల కాన్పు

శీలాపూర్ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి కాన్పుల గదిలో సిస్టర్ రెజీనా ఒక చెడ్డ అలవాటు మొదలుపెట్టింది. కాన్పుకు వచ్చిన ఆడవాళ్లను, "నీకెట్ల కావాలె బిడ్డా?" అని అడగడం.

అంతకుముందు ఆ గదిలో ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. వచ్చిన మనిషిని ఇనప బల్ల ఎక్కించేవారు, వెల్లకిలా పడుకోబెట్టేవారు, అరిస్తే కసిరేవారు, అరవకపోతే ఎందుకు అరవడం లేదని కసిరేవారు. పద్ధతి ప్రకారం అంతా సజావుగానే జరిగేది.

రెజీనాకు నలభై నాలుగేళ్లు. పదహారేళ్లు స్టాఫ్ నర్సుగా అన్ని వార్డులూ తిరిగి, ఆ తర్వాత ఏడాదిన్నర మిడ్‌వైఫ్ చదువు చదివి వచ్చింది. ఆమె దగ్గర ఒక పాత ఊలు టోపీ, ఒక రబ్బరు బొమ్మ ఉండేవి. గర్భిణులు నెలనెలా పరీక్షకు వచ్చినప్పుడు వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, టోపీలో బొమ్మను పెట్టి, గర్భసంచి ఎలా తెరుచుకుంటుందో, బిడ్డ తల ఎలా తిరుగుతుందో చూపించేది. ఏ నొప్పికి భయపడనక్కర్లేదో, ఏ నొప్పికి వెంటనే పరుగెత్తుకు రావాలో చెప్పేది. ఆపరేషన్ ఎవరికి అవసరమో, ఎందుకు అవసరమో దాచకుండా చెప్పేది. చివరికి నిర్ణయం వాళ్లకే వదిలేసేది. ఒకామె నడుస్తానంటే నడిపించేది. ఒకామె తన వీపు అమ్మే నిమరాలంటే అమ్మను లోపలికి పిలిచేది. ఒకామె, "నాకు ఈ నొప్పులు వద్దు సిస్టరమ్మా, కడుపు కొయ్యమను" అంటే, కోతలోని మంచీ చెడూ చెప్పి, డాక్టరమ్మతో మాట్లాడించి, అప్పుడూ పక్కనే నిలబడేది.

పని అయిపోయాక చేతులు కడుక్కుంటూ ఆమె తనలో తాను నవ్వుకునేది. వార్డు ఆయా శంకరవ్వ ఒకసారి అడిగింది.

"ఏంది సిస్టరమ్మా, బిడ్డను కన్నది ఆమె, మురిసేది నువ్వు?"

"ఆమె బల్ల దిగేటప్పుడు మొకం జూసినవా శంకరవ్వా? ఏదో యుద్ధం గెల్చినట్టు లేదూ? అది జూస్తే నాకు రెండు పూటలు అన్నం లేకున్నా నడుస్తది."

ఇలా నాలుగేళ్లు ఎవరి కంటా పడకుండా గడిచింది. ఐదో ఏడు, రాష్ట్ర కార్యాలయం నుంచి జాయింట్ డైరెక్టర్ వామన్‌రావు తనిఖీకి వచ్చాడు.

ఆయన వచ్చేసరికి నిండు నొప్పుల్లో ఉన్న ఒక స్త్రీ వరండాలో గోడ పట్టుకుని నడుస్తోంది. వామన్‌రావు ఆగిపోయాడు.

"ఈ పేషెంటు ఎందుకు సంచరిస్తోంది?"

సూపరింటెండెంట్ డాక్టర్ భూమేశ్వర్ రెజీనా వైపు చూశాడు. రెజీనా మామూలుగా చెప్పింది. "నడుస్త అన్నది సార్. నడిస్తే ఆమెకు జర నిమ్మలంగ ఉంటదట."

"అంటే, పేషెంటు అభిప్రాయాన్ని సేకరించారా?"

"అడిగిన సార్."

వామన్‌రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన పేషెంట్ల నుంచి రక్తం, మూత్రం, వేలిముద్రలు సేకరించడం చూశాడు గాని అభిప్రాయం సేకరించడం చూడలేదు. అక్కడికక్కడే నిలబడి ఉపన్యసించాడు. "ఇది స్త్రీ స్వేచ్ఛ! సమాచారయుక్త ఎంపిక! ఇంతటి మహత్తర ప్రక్రియ ఒక వ్యక్తి మంచితనం మీద ఆధారపడి నడవడం చాలా ప్రమాదకరం. దీన్ని తక్షణమే వ్యవస్థీకరించాలి."

రెజీనా చప్పట్లు కొట్టింది. ఆ తప్పు తలచుకుని తర్వాత చాలాసార్లు బాధపడింది.

ఇరవై రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "ఇకపై రాష్ట్రమందలి ఏ గర్భిణియు తన ఎంపికను లిఖితపూర్వకముగా వ్యక్తపరచకుండ ప్రసవించరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." దానితోపాటు పందొమ్మిది పేజీల ఎంపిక పత్రం, మూడు ప్రతుల్లో. మొత్తం ఎనభై నాలుగు ప్రశ్నలు. ప్రసవ భంగిమ, గది వెలుతురు, గోడ రంగు, బిడ్డను మొదట చూడగోరు వ్యక్తి, మంత్రసాని మాట్లాడవలసిన స్వరం: మెల్లగా, మధ్యస్థంగా, ఇతరములు.

పత్రాలు నింపడానికి నరహరి అనే కంప్యూటర్ ఆపరేటర్‌ను వేశారు. నెమ్మదస్థుడు, ఎవరి మీదా కోపం లేనివాడు. కాన్పుల గది తలుపు దగ్గర బల్ల వేసుకుని, నొప్పులతో వచ్చినవాళ్లను వరుసగా అడిగేవాడు.

"ముప్పై ఒకటో ప్రశ్నమ్మా. ప్రసవ సమయంలో ఏ శబ్దం వినగోరుతున్నారు? పక్షుల కూతలా, భక్తి పాటలా, నిశ్శబ్దమా, ఇతరములా?"

"అవ్వో, సచ్చిపోతున్ననే!"

నరహరి "ఇతరములు: చచ్చిపోవుట" అని కొట్టాడు. కంప్యూటర్ రెండో ప్రాధాన్యం అడిగింది.

రెజీనా సూపరింటెండెంట్ గదికి వెళ్లింది. భూమేశ్వర్ చెడ్డవాడు కాదు. కాకపోతే రిటైర్మెంటుకు రెండేళ్లే ఉంది.

"సార్, ఇవన్ని నేను నోటితోని అడుగుతనే ఉంటి గద. నొప్పి నొప్పికి మనిషి మనసు మారుతది. గడియ కింద నడుస్త అన్నది ఇప్పుడు పండుకుంట అంటది. కాయితం మీద రాసుకుంటే ఎట్ల?"

"మారితే మార్పు పత్రం ఉందమ్మా, పింక్ కలర్ది. తొందరపడకు. పైన వాళ్లు నీ గురించి ఎంత గొప్పగా అనుకుంటున్నారో తెలుసా? నిన్ను ఎంపికల నోడల్ ఆఫీసర్‌ను చేశారు."

నోడల్ ఆఫీసర్ అంటే తలుపు బయట ఇంకో కుర్చీ. నింపిన ప్రతి పేజీ మీద "సమాచారం ఇచ్చితిని" అని రెజీనా సంతకం చేయాలి. పందొమ్మిది పేజీలు, మూడు ప్రతులు, రోజుకు పది పన్నెండు మంది. ఆ సంతకాల మధ్య ఆమెకు లోపలికి వెళ్లే తీరిక లేకపోయింది. టోపీని, బొమ్మను ఆసుపత్రి ఆస్తి కింద స్టోర్ రూమ్‌లో జమ చేసుకున్నారు, వాటికి ఆమోదిత నమూనా లేదని. తలుపు అవతల ఎవరో అరుస్తుంటే, అది ఏ దశ నొప్పో ఆమెకు గొంతును బట్టి తెలిసిపోయేది. పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. నాలుగేళ్లలో ఎన్నడూ లేంది, ఇంటికి వెళ్లాక ఆమెకు అన్నం సహించేది కాదు.

మూడు నెలల తర్వాత వీడియోలో సమీక్షా సమావేశం పెట్టారు. తెర మీద వామన్‌రావు ముఖం గంభీరంగా ఉంది.

"శీలాపూర్ గణాంకాలు ఆందోళనకరంగా ఉన్నాయి. నూటికి డెబ్భై ఎనిమిది మంది ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోవడాన్ని ఎంచుకున్నారు. ఎనభై మూడు మంది తల్లినో అత్తనో తోడు కోరుకున్నారు. అందరూ ఒకటే ఎంచుకుంటే అది ఎంపిక ఎలా అవుతుంది? అది మూకుమ్మడి అలవాటు! మా పత్రంలో ఐదు భంగిమలు ఇచ్చాం. మిగతా నాలుగు భంగిమల పట్ల ఈ వివక్ష ఏమిటి?"

"సార్, వాళ్లకు అదే సుఖంగ ఉన్నది," అంది రెజీనా.

"సుఖం వేరు, స్వేచ్ఛ వేరు సిస్టర్. స్వేచ్ఛ సమతుల్యంగా ఉండాలి. వచ్చే నెల నుంచి ప్రతి భంగిమకు ఇరవై శాతం చొప్పున ఎంపికలు నమోదు కావాలి. తోడు వచ్చేవారిలో తల్లి, అత్త, భర్త తలా మూడో వంతు."

భూమేశ్వర్ ఆ సాయంత్రమే పట్టిక వేయించి గోడకు అంటించాడు. సోమవారం ఎడమ పక్క. మంగళవారం మోకాళ్ల మీద. బుధవారం నిలువు. గురువారం గొంతుకూర్చోవడం. శుక్రవారం కుర్చీ. శనివారం గత వారం తక్కువ పడినది. ఆదివారం స్వేచ్ఛ.

బిడ్డల్ని కనేవాళ్లకు వారాలతో పని ఏముంటుంది? గంగామణికి గురువారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆమె శీలాపూర్‌లో బీడీలు చేస్తుంది. ఇది రెండో కాన్పు. మొదటి కాన్పు రెజీనా చేతుల మీదే జరిగింది. ఎడమ పక్కకు పడుకుని, అత్త నర్సవ్వ చెయ్యి పట్టుకుని కన్నది. ఈసారి కూడా అత్తను వెంటబెట్టుకుని ఆటోలో వచ్చి దిగింది.

అదే రోజు వామన్‌రావు మళ్లీ తనిఖీకి వచ్చాడు. ఈసారి వెంట ఫోటోగ్రాఫర్ కూడా ఉన్నాడు.

నరహరి పత్రం తీశాడు. "ఇయ్యాల గురువారమమ్మా. గొంతుక్కూసుండి కనుట అని మీ ఎంపిక రాసుకుంటున్న."

"నాకు మోకాలు నొప్పి తమ్మీ. బీడీలు చేసీ చేసీ మడత పడ్తలేదు. నేను పక్కకు పండుకుంట."

"పక్కకు అయితే సోమవారం రావాలె."

"సోమారం దాక లోపలోడు ఆగుతడా?" అంది నర్సవ్వ.

నరహరి ఆ ప్రశ్నకు పత్రంలో గడి వెతికి, దొరకక, ముందుకు వెళ్లాడు. "తోడు ఎవరు?"

"నేనే. కనిపిస్తలేనా?"

"ఈ నెల అత్తల కోటా అయిపోయింది పెద్దమ్మా. భర్తల కోటా చానా ఖాళీ ఉంది. ఆయన ఏడీ?"

"నా కొడుకు లారీ డ్రైవర్. నాగపూర్ దగ్గర ఉన్నడు."

గంగామణి బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. ఫోటోగ్రాఫర్ కెమెరా సరిచేసుకున్నాడు. వామన్‌రావు గడియారం చూసుకున్నాడు. భర్త తోడుగా ఉన్న గొంతుకూర్చున్న కాన్పు ఒక్కటైనా ఫోటో దిగాలని ఆయన కోరిక. భూమేశ్వర్ చుట్టూ చూశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు సాయిలు కనిపించాడు. భూమేశ్వర్ గొంతు తగ్గించి అన్నాడు.

"సాయిలూ, ఇలా రా. పావుగంట భర్త హోదాలో నిలబడు. రికార్డు కోసం మాత్రమే."

సాయిలు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "సార్, నాకు పెండ్లాం ఉన్నది సార్."

నర్సవ్వ ముందు ఒక్క క్షణం అర్థం కాక చూసింది. అర్థమయ్యాక చెప్పు తీసింది.

"నా కొడుకు గట్టిగ బతికుండంగ నా కోడలికి ఇంకో మొగన్ని తెస్తవా! ఏం దావఖాన రా ఇది? నీ ఇంట్ల ఆడోళ్లకు గిట్లనే తెస్తరా?"

సాయిలు గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఫోటోగ్రాఫర్ అలవాటుకొద్దీ ఒక ఫోటో తీశాడు. ఆ గోలలో గంగామణి గొంతు మారింది. అంతవరకు సాగదీసినట్టున్న మూలుగు ఒక్కసారి బిగబట్టి ముక్కినట్టుగా అయింది. ఆ తేడా అక్కడున్న వాళ్లలో ఒక్క మనిషికే తెలిసింది.

రెజీనా పెన్ను కింద పెట్టింది. కుర్చీలోంచి లేచి గంగామణి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"నడువు బిడ్డా. నర్సవ్వా, చెప్పు ఏసుకుని లోపటికి రా."

"సిస్టర్! యాభై రెండో ప్రశ్న దగ్గరే ఉన్నాం," అన్నాడు వామన్‌రావు.

"మీరు యాభై మూడు చదువుతుండండ్రి సార్. ఇక్కడ బిడ్డ ఆగుతలేదు."

తలుపు మూసి గడియ పెట్టింది. బయట ఇద్దరు అధికారులు, ఒక ఫోటోగ్రాఫర్, ఒక ఆపరేటర్, పత్రం మూడు ప్రతులు నిలబడిపోయాయి. లోపల గంగామణి ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. అత్త చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. రెజీనా ఆమె మోకాలి కింద దిండు పెట్టింది.

"ముక్కాల్నా సిస్టరమ్మా?"

"నీకేమనిపిస్తున్నది?"

"ఆగేటట్టు లేదు."

"మరి ఆపకు. కొంచెం కొంచెంగ. ఊపిరి వదులు, ఇగో, తల వచ్చింది. చెయ్యి ఇటు ఇయ్యి, ముట్టుకుని చూడు."

గంగామణి తన బిడ్డ తలను వేళ్లతో తాకి, ఏడుస్తూ నవ్వింది. పదకొండు నిమిషాల్లో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి రెజీనా చేతులు కడుక్కుంటూ నవ్వుకుంది.

కానీ ఆ పుట్టుక కంప్యూటర్‌లో ఎక్కలేదు. ఎనభై నాలుగు జవాబులు లేనిదే ప్రసవం జరిగినట్టు అది ఒప్పుకోదు. నరహరి రెండు రోజులు ప్రయత్నించాడు. కంప్యూటర్ లెక్క ప్రకారం గంగామణి ఇంకా నిండు గర్భిణి. కాబట్టి ఆమెను ఇంటికి పంపడానికి వీల్లేదు. బిడ్డ పాలు తాగుతూ, తల్లి గర్భంలోనే ఉన్నట్టు లెక్క.

మూడో రోజు విచారణ జరిగింది. వామన్‌రావు మంచం పక్కన కుర్చీ వేయించుకున్నాడు.

"అమ్మా, నీ ఎంపిక హక్కును సదరు సిస్టర్ కాలరాసిందని మా దృష్టికి వచ్చింది. భయపడకుండా చెప్పు."

గంగామణి ఆయన్ను ఎగాదిగా చూసింది. "పక్కకు పండుకుంట అన్న, పండుకున్న. అత్త కావాలె అన్న, అత్త ఉన్నది. ఇంకేం గావాలె సార్?"

"లిఖితపూర్వకంగా ఎక్కడ ఉంది? సంతకం ఏదీ?"

"నొప్పులల్ల సంతకం ఎవలు వెడ్తరు సార్? మీరు పెట్టిన్రా ఎన్నడన్న?"

వామన్‌రావు ఆ జవాబును రాసుకోలేదు. "ఎన్ని భంగిమలు ఉన్నాయో నీకు ఎవరు చెప్పారు?"

"ఈమెనే. ఐదో నెలల్నే చెప్పింది, టోపీల బొమ్మ వెట్టి. మీ కాయితం నాకేం చెప్పలే. ఉత్తగ అడిగింది."

చివరికి నరహరి మిగతా గడులన్నింటిలో "ఇతరములు" అని నింపితేనే కంప్యూటర్ ఆ కాన్పును ఒప్పుకుంది, గంగామణి బిడ్డతో ఇంటికి వెళ్లింది. నివేదికలో మాత్రం ఇలా వచ్చింది: "సదరు మిడ్‌వైఫ్, గర్భిణి కోరినది కోరినట్టు చేయుట ద్వారా, ఎంపిక ప్రక్రియకు తీవ్ర విఘాతము కలిగించినది." శిక్ష బదిలీ. అయితే శాఖ ఇప్పుడు స్వేచ్ఛను గౌరవించే శాఖ కనుక, బదిలీ స్థలాన్ని ఎంచుకునే హక్కు రెజీనాకే ఇచ్చారు. మూడు స్థలాల పత్రం పంపారు. ఒకటి, ఊట్లగూడెం. రెండు, ఊట్లగూడెం. మూడు, ఊట్లగూడెం.

రెజీనా ఆ కాగితం చదివింది. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు, ఒక్క తల్లి ప్రాణం పోనివ్వని చేతులు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిలేస్తే బాగుండుననిపించింది, ఈ ఉద్యోగాన్నే. శంకరవ్వ వెనక నుంచి తొంగి చూసింది.

"ఏది మంచిగుంటదట?"

"రెండోది," అంది రెజీనా, దాని పక్కన టిక్కు పెడుతూ.

ఊట్లగూడెం నలభై కిలోమీటర్ల దూరం. చిన్న ఆరోగ్య కేంద్రం, ఒక యువ డాక్టరమ్మ, ఒక కాన్పుల గది, వాకిట్లో అంబులెన్సు. అక్కడ కంప్యూటర్ ఉంది గాని ఇంటర్నెట్ లేదు. అందువల్ల స్వేచ్ఛ ఇంకా చేరలేదు. రెజీనా మొదటి నెలంతా ఇంటింటికీ తిరిగింది. రెండో నెల గంగామణి బీడీల కార్ఖానాలో చెప్పిన మాట విని ఇద్దరు శీలాపూర్ ఆడవాళ్లు ఆటోలో వచ్చారు. నాలుగో నెలకు శీలాపూర్ నుంచి ఊట్లగూడేనికి ఆటోవాళ్లు వరుస కట్టారు. కాన్పు కష్టమయ్యేలా ఉన్నవాళ్లకు రెజీనా ముందే నచ్చజెప్పి జిల్లా ఆసుపత్రికి పంపేది. మిగతావాళ్లు అక్కడే కనేవారు.

శీలాపూర్ కాన్పుల గది ఖాళీ అయింది. బల్లలు మెరుస్తున్నాయి. నరహరి వారపత్రికలు చదువుతున్నాడు. ఏడాది చివర రాష్ట్ర కార్యాలయం లెక్కలు తీసింది. శీలాపూర్‌లో పెండింగు పత్రాలు: సున్నా. ఎంపిక లేని ప్రసవాలు: సున్నా. భంగిమల మధ్య వివక్ష: సున్నా. ఫిర్యాదులు: సున్నా. ఇంతటి నిష్కళంకమైన స్వేచ్ఛ రాష్ట్రంలో మరెక్కడా లేదు. "ఉత్తమ ప్రసూతి స్వేచ్ఛా కేంద్రం" అవార్డు ప్రకటించారు. వామన్‌రావుకు ప్రమోషన్ వచ్చింది.

అవార్డు సభ జరిగిన రోజు మధ్యాహ్నం ఊట్లగూడెం కేంద్రం ముందు ఒక కారు ఆగింది. ముందు సీటులోంచి డాక్టర్ భూమేశ్వర్ దిగాడు. మెడలో శాలువా అలాగే ఉంది. వెనక సీటులో ఆయన పెద్దకూతురు స్వర్ణలత, కాలేజీలో లెక్చరర్, రెండు చేతులతో సీటు పట్టుకుని ఊపిరి వదులుతోంది. పక్కన తల్లి.

భూమేశ్వర్ రెజీనా ముఖం వైపు చూడలేకపోయాడు. "ఇక్కడికే రావాలని ఒకటే పట్టు పట్టిందమ్మా. పెద్ద ఆసుపత్రిలో రూమ్ కూడా చెప్పి పెట్టాను, వినలేదు. నువ్వు గతం మనసులో పెట్టుకోకు. దానికి ఎడమ పక్క అయితే బాగుంటుందేమో. వాళ్లమ్మ లోపల ఉండాలి. లైటు కొంచెం తగ్గించు. నేను తలుపు దగ్గరే ఉండి అన్నీ..."

"సార్," అంది రెజీనా. స్వర్ణలతను మెల్లగా దింపి, నాడి చూసి, బిడ్డ గుండె చప్పుడు విన్నది. అంతా బాగుంది. అప్పుడు ఆమె కళ్లలోకి చూస్తూ అడిగింది.

"చెప్పు బిడ్డా. ముందుగాల నీకేం గావాలె?"

స్వర్ణలత ఒక నొప్పి దాటేదాకా ఆగింది.

"ముందు మా నాన్నను బయటకు పంపండి."

రెజీనా తలుపు తీసి పట్టుకుంది. రాష్ట్రంలోనే ఉత్తమ స్వేచ్ఛా కేంద్రం అధిపతి శాలువా సర్దుకుని, బయటికి వెళ్లి, ఆటోవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.